కోత పండుగ పొట్టేలు

మా చెల్లెలు షాలినికి గొర్రెల మీద ఉన్న ఓపికలో పావు వంతు మనుషుల మీద ఉండుంటే నాకింత నోరు పెరిగేది కాదు. నా నోరు చెడ్డదని మా సంఘంలో అందరూ అంటారు. అననీ. ఊరూరా తిరిగి బడిపిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, గొంతు తగ్గించి మాట్లాడటం నాకిప్పుడు కొత్తగా రాదు. కానీ షాలిని సంగతి నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు. దాన్నే చెప్పమంటే "ఏముందక్కా, గవర్నమెంటు ఉద్యోగం" అని అక్కడికి తుంచేస్తుంది.

మాది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. నేను కృపమ్మను, ఇంటికి పెద్దదాన్ని. నా తర్వాత షాలిని, దాని తర్వాత ఫ్రాన్సిస్. అమ్మ తొందరగా పోయింది కాబట్టి ఆ ఇద్దరికీ ముక్కు తుడిచిందీ వీపు మోగించిందీ నేనే. ఒకసారి మా మేక చచ్చిపోతే "దేవుడు తీసుకున్నాడులే" అని నాయన సర్దిచెప్పాడు. ఈ పిల్ల మేక పక్కన చతికిలబడి "ఎట్ల తీసుకున్నాడు నాయనా?" అంది. ఆ ప్రశ్న పట్టుకుని అది తిరుపతి దాకా పోయింది. అక్కడ పశువైద్యం చదివింది, రోగాల మీద పరిశోధన చేసింది, ఆ కాలేజీలోనే పాఠాలు చెప్పింది. పెళ్లి మాట ఎత్తితే మైక్రోస్కోపు వెనక దాక్కునేది. గొడ్ల డాక్టరని మేము ఏడిపిస్తే "గొడ్లు అబద్ధం చెప్పవక్కా" అనేది.

కాలేజీలో పిల్లలకు ఆమె అంటే హడల్. మైక్రోస్కోపు కింద స్లైడు పెట్టి అడిగితే పిల్లలు టక్కున రోగం పేరు చెప్పేవాళ్లట. ఈమె ఒప్పుకునేది కాదు. "పేరు తర్వాత. ముందు ఏం కనపడుతోందో చెప్పండి" అనేది. అట్లా గదమాయిస్తున్న రోజుల్లోనే ఒక పిల్ల లేచి, "మేడమ్, ఈ రోగాన్ని మీరు బయట ఎప్పుడైనా చూశారా?" అని అడిగింది. షాలిని చూడలేదు. ఆ స్లైడు ఈమె పుట్టకముందు ఎవరో తయారుచేసి పెట్టింది. ఆ పిల్ల పేరు సుష్మ. ఇప్పుడు ఆళ్లగడ్డలో పశువుల డాక్టరు. ఈ కథలో మళ్లీ వస్తుంది.

ఆ మాటకు మా చెల్లెలు హాయిగా ఉన్న కాలేజీ కొలువు వదిలేసి పశుసంవర్ధక శాఖలో చేరింది. పిచ్చిదానా అని నేను తిట్టాను. "కాలేజీలో రోగాలు బుద్ధిగా గాజు మీద కూర్చుంటాయి, బయట ఎట్లుంటాయో నాకు తెలియాల గదా" అంది. తెలిసొచ్చింది. ఆత్మకూరులో ఉన్నన్నాళ్లు అడవి అంచున గూడేల వెంట తిరిగి నల్లగా కమిలిపోయింది. తర్వాత ఇంకో జిల్లాలో గొర్రెలు ఉన్నట్టుండి పడిపోతున్నాయని, దొమ్మ రోగమేమోననే అనుమానంతో గొర్రెల సంత మూయించింది. చదువుకున్నవాళ్లు ఆంత్రాక్స్ అంటారే, అదే దొమ్మ. గొర్రె నుంచి మనిషికీ అంటుకుంటుంది. తీరా పరీక్ష ఫలితం వచ్చేసరికి అది కాదు, మనిషికి అంటని మామూలు చిటుక రోగం. గొర్రెలవాళ్లు దుమ్మెత్తిపోశారు, పైవాళ్లు సంజాయిషీ అడిగి ఎక్కడో సముద్రం ఒడ్డుకు బదిలీ చేశారు. సంత మూయించిన డాక్టరమ్మ అనే పేరు మాత్రం ఆమె కంటే ముందు మా ఊరు చేరింది.

ఆ సముద్రం ఒడ్డున ఉన్న ఏళ్లలో షాలిని సగం మనిషైపోయింది. అప్పుడే ఫ్రాన్సిస్ మొక్కుకున్నాడు. వాడికి సేద్యంతో పాటు చిన్న గొర్రెల మంద ఉంది. చిన్నక్క క్షేమంగా మా నంద్యాల వైపుకు తిరిగొస్తే మందలో అన్నిటికంటే మేలైన పొట్టేలును కోత పండుగకు దేవునికిస్తానని చర్చిలో లేచి నిలబడి చెప్పాడు. నిరుడు షాలినికి నంద్యాలలోని పశురోగాల ల్యాబుకు బదిలీ అయింది. ఫ్రాన్సిస్ ఒక పొట్టేలు చెవి కత్తిరించి గుర్తు పెట్టి, శనగపొట్టు తినిపించి బిడ్డలా సాకాడు.

కోత పండుగంటే మాకు పెద్ద సందడి. కొత్త జొన్నలు, గుమ్మడికాయలు, కోళ్లు, ఎవరికి పండింది వాళ్లు తెచ్చి చర్చిలో పెడతారు. ఆరాధన అయ్యాక వాటికి వేలం, ఆ తర్వాత ఊరంతా కలిసి తినే ప్రేమ విందు. మొక్కు పొట్టేలునైతే నడిపించుకుంటూ చర్చి మెట్ల దాకా తేవాలి. పాస్టరుగారు దాని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాకే కోయాలి. మొన్న నవంబరులో ఆ పండుగ ఆదివారం పొద్దున ఫ్రాన్సిస్ పొట్టేలును నడిపించుకు రాలేదు. మాంసం ఒక గంపలో, తల ఒక సంచిలో, నెత్తురు ఒక బేసినులో తెచ్చి వంటశాల దగ్గర దించాడు.

"ఏందిరా ఇది? ప్రార్థన గాకుండానే కోసినావా?" అని అరిచాను.

"పొద్దు పోతాదని ఇంటికాడనే కోసుకొచ్చినా పెద్దక్కా. నీకు పని తప్పుతాది గదా" అన్నాడు. నా మొహం కేసి చూడలేదు. ఉక్క పోస్తున్నా చొక్కా చేతులు మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని ఉన్నాడు. పండుగ చొక్కా కదా అనుకున్నాను.

ప్రేమ విందు వంట మొత్తం నా పెత్తనం. నెత్తురు తినకూడదని వాక్యంలో చదివిన నోళ్లే వంటశాలకొచ్చి "నల్ల ఉండాదా కృపక్కా?" అని మెల్లిగా అడుగుతాయి. నెత్తురులో ఉప్పేసి కాసేపు ఉంచితే గడ్డకడుతుంది, దాన్ని ముక్కలు కోసి వేపుతాం, అదే నల్ల. నేను చేత్తోనే ఉప్పు కలిపి పక్కన పెట్టాను. ఒక పెద్ద డేగిసాలో మాంసం పొయ్యెక్కించాం. చర్చిలో పాటలు మొదలయ్యాయి. షాలిని జాడ లేదు. నాకు ఒళ్లు మండి ఫోన్ చేశాను.

"యాడుండావ్ మే? పండుగ నాడు గూడా గొడ్లేనా నీకు? నీ కోసం మొక్కిందే గదా ఇది!"

"బయల్దేరతాండా అక్కా, ల్యాబులో చిన్న పని."

"నీకంతా చిన్న పనే. ఈడ నేనొక్కదాన్నే సస్తాండా. వాడేమో పొట్టేలును ఇంటికాడనే కోసుకొచ్చినాడు. నెత్తురు సూస్తే నల్లగా తారు మాదిరి ఉండాది. ఎంత ఉప్పేసినా గడ్డ కట్టి సావదు."

అవతల గాజు పలక ఏదో బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"మళ్లీ చెప్పు" అంది షాలిని. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

మళ్లీ చెప్పాను.

"పొయ్యి ఆర్పు. ఆ మాంసం, ఆ నెత్తురు ఎవరినీ ముట్టుకోనీయొద్దు. ముట్టుకున్నోళ్లంతా సబ్బుతో చేతులు కడగండి. నువ్వు గూడా. నేను సుష్మను తీసుకొని వస్తాండా. అక్కా, ఒక్క ముక్క ఎవరి నోట్లోకీ పోకూడదు. పిల్లోళ్లు ముందుగా వస్తారు, జాగ్రత్త."

"ఏమైందో చెప్పు ముందు!"

"దొమ్మేమో, దానికి నెత్తురు గడ్డ కట్టదు. ఖాయంగా తెలీదు. తెలీకుండా పేరు ఎత్తొద్దు. అందరూ బెదిరిపోతారు."

నా చేతుల కేసి చూసుకున్నాను. గోళ్ల సందుల్లో నెత్తురు ఇంకా ఉంది. కూరగాయలు తరుగుతుంటే తెగిన వేలు ఒకటి చురచురమంటోంది. ఆడవాళ్లందరినీ కుళాయి దగ్గరికి తోలి, డేగిసా కింద కట్టెలు లాగి నీళ్లు కొట్టాను. ఎందుకని అడిగిన ప్రతి ఒక్కరినీ కసిరాను.

నంద్యాల నుంచి రావాలంటే ఎంత తొందరపడినా గంట. ఆ గంట నేనెట్లా గడిపానో నాకే తెలియదు. ఆరాధన చివరికొచ్చింది. అప్పటికే ఆకలేసిన పిల్లలు పళ్లేలు పట్టుకుని వంటశాల చుట్టూ మూగారు. పొగ రావడం లేదని సంఘ పెద్ద సుందరరాజు వచ్చాడు. మంచివాడే కానీ పండుగ తన చేతుల మీద జరుగుతోందనే ధీమా ఎక్కువ.

"ఏంది కృపక్కా, పొయ్యి ఆరిపోయిండాది?"

"షాలిని వచ్చేదాకా వెలిగించేది లేదు. మాంసం మీద అనుమానం ఉందంట."

సుందరరాజు మొహం మాడిపోయింది. "సంత మూయించింది సాల్లేదా? ఇప్పుడు దేవుని పండుగ గూడా మూయిస్తాదా? తమ్ముడు ఇచ్చిన కానుక మీద అక్కకు అనుమానమా?" అన్నాడు. చుట్టూ నలుగురు నవ్వారు. నాకు చెంపలు మండాయి. డేగిసాకు అడ్డంగా నిలబడ్డాను. నిజంగానే ఇది మామూలు మాంసమైతే? రెండోసారి కూడా దానిదే తప్పని తేలితే, ఈ ఊళ్లో సరే, దాని ఆఫీసులోనైనా దాని మాటకు విలువుంటుందా?

జీపు వచ్చి ఆగింది. షాలిని చేతులకు రబ్బరు తొడుగులు, మూతికి గుడ్డ కట్టుకుని దిగింది. వెనకే సుష్మ మైక్రోస్కోపు పెట్టె ఎత్తుకుని దిగింది. షాలిని ఎవరినీ పలకరించకుండా నేరుగా ఫ్రాన్సిస్ ముందు నిలబడింది.

"బతికుండంగానే కోసినావా?"

"బతికే ఉండె చిన్నక్కా."

"లేచి నిలబడిందా? మేత మేసిందా?"

"బాగనే ఉండె అంటాండా గదా!" అని వాడు గొంతు పెంచాడు.

"మందలో ఇంకేమన్నా సచ్చినాయా?"

"లేదు."

"చర్చి ముంగిట నిలబడి చెప్తాండాడు. ఇంకేం గావాల డాక్టరమ్మా?" అన్నాడు సుందరరాజు.

షాలిని సంచిలోంచి తల తీయించి చెవి కొసన సూదితో గుచ్చి, గాజు పలక మీద నెత్తురు చుక్క తీసింది. తనూ సుష్మా పలకను పట్టుకుని సండే స్కూలు గదిలోకి వెళ్లారు. దాన్ని ఆరబెట్టాలి, రంగు పోయాలి, కడగాలి. కాసేపు పడుతుందని సుష్మ వాకిట్లోకి వచ్చి చెప్పింది.

సుందరరాజుకు ఓపిక చచ్చింది. "అంతసేపు ఉడికిన మాంసంలో ఏ రోగం బతుకుతాది? ముసలోళ్లు, పిల్లోళ్లు ఆకలితో ఉండారు. అగ్గిపెట్టండప్పా!" అన్నాడు. ఇద్దరు మగవాళ్లు నన్ను పక్కకు జరిపి కట్టెలు సర్దారు. ఒకడు గరిటెతో డేగిసాలో ముక్క పట్టి చూడబోయాడు.

నాకు కోపమొస్తే ముందూ వెనకా కనపడవు. మరుగుదొడ్లు కడిగే ఫినాయిలు డబ్బా గోడవారగా ఉంది. తెచ్చి మూత తీసి సగం డేగిసాలో కుమ్మరించాను. గంపలో మిగిలిన మాంసం మీద తక్కిన సగం పోశాను. ఘాటుకు అందరికీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తినండ్రా ఇప్పుడు!" అన్నాను.

ఒక్కసారిగా గోల లేచింది. దేవుని కానుకలో ఫినాయిలు పోసిందని ఒకరు, దీనికి మతి చలించిందని ఒకరు. పాస్టరుగారు చేతులెత్తి ఊరుకోమంటున్నా ఎవరూ వినలేదు. ఆ అలికిడికి షాలిని గది వాకిట్లోకి వచ్చింది. డేగిసా చూసింది, నా చేతిలోని డబ్బా చూసింది.

"ఇంకా చూడలేదక్కా. ఏం చేసినావ్?"

"నీ అక్కను. నాకు తోచింది చేసినా. పోయి చూడు."

దాని మొహం తెల్లబోయింది. ఫలితం తెలియకుండానే అక్క విందునంతా పాడుచేసింది, అది కాస్తా తన నెత్తికి చుట్టుకుంటుందని దానికి తెలుసు. నాకూ అప్పుడే తెలిసొచ్చింది. కానీ పోసింది వెనక్కి రాదు. దాని వెనకే గదిలోకి వెళ్లి నిలబడ్డాను. సుందరరాజు, పాస్టరుగారు, ఫ్రాన్సిస్ కూడా వచ్చారు.

బల్ల మీద మైక్రోస్కోపు సిద్ధంగా ఉంది. షాలిని దాని మీదికి వంగబోయి ఆగింది. కుర్చీ వెనక్కి జరిపింది.

"నువ్వు చూడు సుష్మా. ఇది నా తమ్ముడి గొర్రె. నా కండ్లను నేను నమ్మను."

సుష్మ కూర్చుంది. మర తిప్పుతూ చాలాసేపు చూసింది. ఆ పిల్ల మెడ మీద చెమట కారుతోంది. "మేడమ్, ఇది..." అంది.

"పేరు తర్వాత. ఏం కనపడుతోందో చెప్పు."

సుష్మ కళ్లు తీయకుండానే చెప్పింది. "నీలం రంగు కడ్డీలున్నాయి మేడమ్. రెండేసి, మూడేసి గొలుసులాగా కలిసున్నాయి. కొసలు గుండ్రంగా లేవు, కత్తితో కోసినట్టు చదరంగా ఉన్నాయి."

"చుట్టూ?"

"చుట్టూ గులాబీ రంగు పొర ఉంది."

"మళ్లీ చూడు."

"ఉంది మేడమ్. ప్రతిదాని చుట్టూ ఉంది."

"ఇప్పుడు చెప్పు పేరు."

"ఆంత్రాక్స్" అంది సుష్మ. ఏళ్ల క్రితం క్లాసులో లేచి అడిగిన పిల్లే. ఇప్పుడు ఏడుపు ఆపుకోలేకపోయింది.

సుందరరాజు గోడకు ఆనుకుని అట్లాగే కిందికి జారి కూర్చున్నాడు. ఆయన మనవళ్లిద్దరూ బయట పళ్లేలు పట్టుకుని ఉన్నారు. షాలిని లేచి ఫ్రాన్సిస్ దగ్గరికి వెళ్లింది. ఏమీ అడగకుండా వాడి కుడిచేతి గుండీ విప్పి చొక్కా పైకి లాగింది. మోచేతి కింద రూపాయి బిళ్లంత పుండు, మధ్యలో బొగ్గులా నల్లటి పెచ్చు, చుట్టూ వాపు.

"ఇదెప్పుడు లేచింది?"

"పోయిన వారం పొట్టేలు పిల్లొకటి సచ్చింది. చిటుక రోగమేమోనని కడుపు కోసి సూసి పూడ్చిపెట్టినా. అప్పుడేదో కుట్టిందనుకున్నా." వాడు చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. "ఏం నొప్పి లేదు చిన్నక్కా, నిజంగా."

"నొప్పి ఉండదురా దీనికి" అంది షాలిని. వాడి మణికట్టు వదల్లేదు.

ఆ తర్వాత అంతా ఉరుకులు పరుగులే. ఫ్రాన్సిస్‌ను అంబులెన్సులో నంద్యాల ఆసుపత్రికి తరలించారు. ముట్టుకున్న వాళ్లందరికీ, నాతో సహా, మాత్రలు మొదలుపెట్టారు. షాలిని వాడితో వెళ్లలేదు. వెళ్లాలని దానికి ఎంతుందో దాని మొహం చూసిన నాకు తెలుసు. కానీ లోతుగా గుంత తవ్వించి మాంసం, నెత్తురు, డేగిసాతో సహా సున్నం పోసి పూడ్పించింది. నెత్తురు పడిన నేలను మందుతో కడిగించింది. మందలో మిగిలినవాటిని విడిగా కట్టించి, చుట్టుపక్కల మందలన్నిటికీ టీకాలు వేయించే పని మొదలుపెట్టి, అప్పుడు బయల్దేరింది. ఎవరూ సంత మాట ఎత్తలేదు. సుందరరాజు జీపు దాకా నడిచొచ్చి తలుపు మూసి వెళ్లాడు.

ఆసుపత్రిలో ఫ్రాన్సిస్ చెయ్యి భుజం దాకా వాచింది. జ్వరం దిగలేదు. రోగం నెత్తురులోకి పాకితే మా చేతుల్లో ఉండదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. షాలిని రోజంతా ఊళ్లలో టీకాలు వేయించడం, సాయంత్రానికి వచ్చి వాడి మంచం పక్కన కూర్చోవడం. మందుల పేర్లు, జ్వరం, వాపు, అన్నీ డాక్టరు కంటే ఎక్కువసార్లు చూసేది. నాతో మాట్లాడేది కాదు. నేను తెచ్చిన అన్నం తినేది కాదు. వాడికేమన్నా అయితే ఇది తట్టుకోలేదనిపించి నేను మెట్ల మీదికెళ్లి ఏడ్చేదాన్ని.

జ్వరం దిగిన రోజు వాడు కళ్లు తెరిచాడు. షాలిని ఆ పక్కన, నేను ఈ పక్కన ఉన్నాం. వాడు ముందు నన్నే అడిగాడు.

"పెద్దక్కా, చిన్నక్కకేం గాలా గదా?"

"దానికేమైతాది రా? పోయేటోడివి నువ్వు!" అన్నాను.

"మొక్కిన పొట్టేలు దానంతట అది సావకూడదంటారు. ఎవరి పేరున మొక్కినామో వాళ్ల మీదికి వస్తాదంట. ఆ పొద్దు లేచి సూస్తే పడిపోయి కొట్టుకుంటాండె. సచ్చేలోగా కత్తి పెట్టినా. సావలా పెద్దక్కా, నేనే కోసినా. అది చిన్నక్క పేరున ఉండేది గదా."

అబద్ధమెందుకు ఆడాడోనని ఇన్నాళ్లు వాణ్ని తిట్టుకుంటూనే ఉన్నాను. షాలిని కుర్చీలోంచి లేచి వాడి కళ్లెదుటికి వచ్చి కూర్చుంది.

"నా కేసి చూడు. ఏం కనపడతాంది?"

"నువ్వు."

"సరిగ్గా చెప్పు."

వాడు బుద్ధిగా చూశాడు. "నువ్వు కూర్చోనుండావ్. తల దువ్వుకోలా. ఏడుస్తాండావ్."

"అయితే నాకేమైనట్టురా?"

"ఏం గాలా" అన్నాడు.

షాలిని వాడి మంచి చెయ్యి పట్టుకుని దుప్పటిలో మొహం దాచుకుంది. ఇద్దరికీ బుద్ధి లేదని తిట్టి, క్యారియరు విప్పి, ముందు దానికే అన్నం కలిపి పెట్టాను.